తలసేమియా పరీక్ష: భార్య హెచ్‌బీఏ2 5.4, భర్తది 3.4, గర్భం తొమ్మిదో వారం: ఇప్పుడేం చేయాలి?

#1 గోదారి_సిస్టర్

తొలి చూలు, వయసు 23. మేనరికం, భర్త మేనమామ కొడుకే. చివరి నెలసరి లెక్కన నిన్నటికి 9 వారాలు నిండాయి. తలసేమియా (హిమోగ్లోబిన్ సరిగ్గా తయారుకాని వంశపారంపర్య రక్తహీనత) ఉందేమో చూసిన రిపోర్టు ఇది, పేర్లు తీసేసి పెడుతున్నాను.

ఆమె: హిమోగ్లోబిన్ 9.8, ఎర్రకణాలు 5.3 మిలియన్లు, ఎంసీవీ (ఎర్రకణం సైజు) 63, ఎంసీహెచ్ (ఒక్కో కణంలో హిమోగ్లోబిన్) 18.5, హెచ్‌బీఏ2 (బీటా తలసేమియా క్యారియర్లలో పెరిగే హిమోగ్లోబిన్ రకం) 5.4 శాతం.
అతను: హిమోగ్లోబిన్ 13.1, ఎర్రకణాలు 5.9 మిలియన్లు, ఎంసీవీ 71, ఎంసీహెచ్ 22.2, హెచ్‌బీఏ2 3.4 శాతం.

ల్యాబ్ వాళ్లు 3.5 లోపు నార్మల్ అని ముద్రించి ఇచ్చారు. అందుకని "ఆమె క్యారియర్ (తనకు జబ్బు లేకుండా లోపమున్న జన్యువు ఒకటి మోసే మనిషి), అతనికి ఏమీ లేదు, ఐరన్ పెంచండి చాలు" అన్న మాట వచ్చింది. నాకు అతని ఎంసీవీ 71 దగ్గర గుచ్చుకుంటోంది. తెలిసినవాళ్లు చూడండి.

#2 ల్యాబ్_సుబ్బయ్య

గుచ్చుకోవాల్సిందే సిస్టర్. హెచ్‌బీఏ2 అంకె ఒక్కటే చూసి నార్మల్ అని రాయడం మా ల్యాబుల్లో ఉన్న పాత జబ్బు. ముందు కణం సైజు చూడాలి, తర్వాతే ఏ2.

అతని ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో భాగించండి: 71 బై 5.9 అంటే 12. పదమూడు లోపు వస్తే తలసేమియా వైపు మొగ్గు, పైన ఉంటే ఐరన్ లోపం వైపు మొగ్గు. ఇది తూకం చూసుకోవడానికి మాత్రమే, తీర్పు కాదు. అయితే ఐరన్ తక్కువైన మనిషికి ఎర్రకణాలు తగ్గుతాయి. ఇతనికి 5.9 ఉన్నాయి. కణాలు ఎక్కువ, సైజు చిన్న: క్యారియర్ రక్తం తీరు అది.

మరి ఏ2 ఎందుకు పెరగలేదు? నాలుగు కారణాలు ఉండొచ్చు. ఒకటి, క్యారియర్ అయ్యుండి ఐరన్ కూడా తగ్గితే ఏ2 కొంచెం కిందికి జారుతుంది. రెండు, బీటా జన్యువులో క్యాప్+1 లాంటి తేలికపాటి మార్పు ఉన్నవాళ్లకు ఏ2 3 నుంచి 3.8 మధ్య ఊగుతుంది. మూడు, డెల్టా జన్యువులో కూడా లోపం ఉంటే ఏ2 తయారీయే తగ్గిపోతుంది. నాలుగు, ఆల్ఫా తలసేమియా క్యారియర్. అలా అయితే ఈ జంటకు పెద్ద భయం లేదు. హిమోగ్లోబిన్ రకాలను కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ఈ నాలుగింటినీ విడదీయలేదు.

మామూలు రోజుల్లో అయితే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చూసి, మూడు నెలలు ఐరన్ ఇచ్చి, మళ్లీ హెచ్‌పీఎల్‌సీ చేయమంటాను. తొమ్మిదో వారంలో ఆ మాట అంటే మూడు నెలలు చేతులారా పారేసినట్టే. నేరుగా డీఎన్ఏ పరీక్షకు పంపండి.

#3 జన్యుసలహా_77

సుబ్బయ్య గారి మాటే నాదీ. ఒక వరస చెబుతాను, రేపే మొదలు కావాలి.

ఇద్దరి రక్తమూ ఒకే రోజు, ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబుల్లో, ఒక్కొక్కరిది 3 నుంచి 5 మిల్లీలీటర్లు. బీటా గ్లోబిన్ జన్యువు (హెచ్‌బీబీ, 11వ క్రోమోజోమ్) మొత్తం సీక్వెన్సింగ్ (జన్యువును అక్షరం అక్షరం చదవడం) అడగండి. దాంతోపాటు 619 బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) డిలీషన్‌కు, అంటే ఊడిపోయిన ముక్కకు, విడిగా గ్యాప్ పీసీఆర్ కానీ ఎంఎల్‌పీఏ కానీ రాయించండి. ఈ రెండో మాట చాలామంది మరిచిపోతారు. జన్యువులో ముక్క ఊడిపోయినచోట సీక్వెన్సింగ్ రెండో కాపీని చదివి "ఏమీ లేదు" అంటుంది. మన దేశంలో ఎక్కువగా కనిపించే ఐవీఎస్ 1-5, ఐవీఎస్ 1-1, కోడాన్ 8/9, కోడాన్ 41/42, కోడాన్ 15 మార్పులు సీక్వెన్సింగ్‌లో దొరుకుతాయి, 619 డిలీషన్ దొరకదు.

ఫారం మీద పైనే పెద్ద అక్షరాల్లో "గర్భం 9 వారాలు" అని రాయండి. అది లేకపోతే మీ శాంపిల్ వరసలో చివరికి పోతుంది.

రిపోర్టు వచ్చాక చూద్దాంలే అనుకోకుండా, 12వ వారానికి సీవీఎస్ (మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ డీఎన్ఏ చూసే పరీక్ష) అపాయింట్‌మెంట్ ఇప్పుడే తీసుకోండి. అతనిలో ఏమీ తేలకపోతే రద్దు చేసుకోవడం తేలిక. హైదరాబాద్‌లో నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగం, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ ఈ పని చేసేవే.

మార్పు పేరు తెలియడం ఎందుకంత ముఖ్యమంటే, "ఇద్దరూ క్యారియర్లు, నాలుగింట ఒకవంతు" అన్నంత మాత్రాన కథ అయిపోదు. ఐవీఎస్ 1-5 రెండు కాపీలు వస్తే ఏడాది లోపే రక్తం ఎక్కించడం మొదలవుతుంది, జీవితాంతం రెండు నుంచి నాలుగు వారాలకోసారి. అదే ఒకవైపు క్యాప్+1 ఉంటే చాలాసార్లు ఇంటర్మీడియా, అంటే రక్తం అప్పుడప్పుడే అవసరమయ్యే రకం. ఆ దంపతుల నిర్ణయం ఈ తేడా మీదే ఆధారపడొచ్చు. పేరు తెలియకుండా సలహా చెప్పడం చీకట్లో బాణం వేయడమే.

#4 కొత్తపేట_వాణి

ఒక సందేహం. ఎన్ఐపీటీ (తల్లి రక్తంతోనే బిడ్డ గురించి చూసే పరీక్ష) చేయిస్తే పొట్టలో సూదితో పని లేదు కదా? 20వ వారం టిఫా స్కాన్‌లో కూడా బిడ్డకు ఏమైనా ఉంటే తెలుస్తుందంటారు.

#5 జన్యుసలహా_77

వాణి గారూ, ఈ రెండు అపోహల వల్లే తిరిగి రాని వారాలు పోతాయి.

మామూలుగా ఆసుపత్రుల్లో రాసే ఎన్ఐపీటీ డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోమ్ సంఖ్య లోపాలకు. డబుల్ మార్కర్ కూడా అంతే. వాటిలో "లో రిస్క్" వస్తే తలసేమియా గురించి ఒక్క ముక్క కూడా చెప్పినట్టు కాదు.

టిఫా స్కాన్‌లో బీటా తలసేమియా కనిపించదు, కనిపించే వీలే లేదు. కడుపులో బిడ్డ వాడేది ఫీటల్ హిమోగ్లోబిన్, దాంట్లో బీటా గొలుసు ఉండదు. అందుకే పుట్టేటప్పుడు బిడ్డ బొద్దుగా, ఎర్రగా ఉంటుంది. బీటా గొలుసు అవసరం పడేది పుట్టాక నెలల్లో, అప్పుడే పాలిపోవడం మొదలు. స్కాన్ బాగుంది, బిడ్డ బాగా పుట్టింది, ఆరు నెలలకు రక్తం ఎక్కించాలన్నారు: ఈ వరస అందుకే వస్తుంది.

#6 ఫీటల్_బెంచ్

సీవీఎస్ గురించి కొంచెం వివరంగా రాస్తాను. ఇక్కడ జరిగే పొరపాట్లన్నీ చిన్నవే, నష్టాలు మాత్రం పెద్దవి.

11 వారాలు నిండాక, 14 లోపు. 10 వారాలకు ముందు చేస్తే బిడ్డ కాళ్లూ చేతుల ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది, కాబట్టి "తొందరగా చేసేయండి" అని ఎవరూ ఒత్తిడి పెట్టకూడదు. స్కాన్ చూస్తూ పొట్ట మీదుగా సూది పంపి మాయ అంచులోని నూగును పీలుస్తారు. 10 నుంచి 20 మిల్లీగ్రాములు దొరికితే చాలు. మత్తు అక్కర్లేదు, చర్మం దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్ ఉంటుంది. అరగంట పడుకోబెట్టి పంపేస్తారు.

అసలు పని ఆ తర్వాత మైక్రోస్కోపు కింద. తీసిన ముక్కలో తల్లి గర్భసంచి పొర కూడా అంటుకుని వస్తుంది. దాన్ని ఒక్కొక్క పోగుగా ఏరి తీసేయాలి. ఏరకపోతే తల్లి డీఎన్ఏ కలిసి, జబ్బున్న బిడ్డ కూడా క్యారియర్‌లా కనిపిస్తుంది. అందుకే తల్లి రక్తం కూడా పక్కనే పెట్టి ఎస్‌టీఆర్ మార్కర్లతో (మనిషికో తీరుగా ఉండే డీఎన్ఏ గుర్తులతో) కలుషితం ఉందో లేదో చూస్తారు. రిపోర్టులో "మెటర్నల్ సెల్ కంటామినేషన్ లేదు" అన్న వాక్యం ఉందా లేదా చూడండి. ఆ వాక్యం లేని రిపోర్టు అసంపూర్తి రిపోర్టు.

గర్భం పోయే ప్రమాదం: చేయి తిరిగిన చోట పరీక్ష వల్ల అదనంగా అర శాతం లోపు. ఇంట్లో వాళ్లు ఊహించుకునేంత కాదు, అలాగని సున్నా కూడా కాదు. రెండూ చెప్పాలి.

తల్లి రక్తం నెగటివ్ గ్రూపు, తండ్రిది పాజిటివ్ అయితే పరీక్ష అయిన 72 గంటల్లో యాంటీ-డి ఇంజెక్షన్. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి రిపోర్టులు ముందే చేతిలో ఉండాలి.

14 దాటి వస్తే 16వ వారం దాకా ఆగి ఉమ్మనీరు తీస్తారు, 15 నుంచి 20 మిల్లీలీటర్లు. ఫలితం అంతే నమ్మకం, కానీ నెల ఆలస్యం. ఆ నెల ఆ తల్లికి ఎంత బరువో వేరే చెప్పక్కర్లేదు.

#7 ఉప్పల్_శీనన్న

అక్కా, మంచిగ చెప్పినవ్. ఒకటే కలుపుత. చానామంది భర్త పరీక్ష దగ్గర్నే ఆగిపోతరు. "నాకేమైతది, నేను మంచిగనే ఉన్న గదా" అంటరు. క్యారియర్ అంటే మంచిగనే ఉంటడు, అదే గదా అసలు ముచ్చట. ఆమె రిపోర్టు వచ్చిందాక ఆగకుండ మొదటి రోజే ఇద్దరి రక్తం తీస్తే ఈ పంచాయితీ ఉండది. హెచ్‌పీఎల్‌సీ ఖర్చు ఏండ్ల కొద్ది రక్తం ఎక్కించే ఖర్చుల మూలకు రాదు.

#8 వకీల్_రమాదేవి

చట్టం సంగతి, క్లుప్తంగా.

పీసీపీఎన్‌డీటీ చట్టం (1994) లింగ నిర్ధారణనే నిషేధించింది, జబ్బు పరీక్షను కాదు. హిమోగ్లోబిన్ జబ్బులు, క్రోమోజోమ్ లోపాలు, జన్యు సంబంధ జీవక్రియ జబ్బులు, లింగ సంబంధ జన్యు జబ్బులు చట్టంలోనే అనుమతించిన కారణాలు. నమోదైన జెనెటిక్ క్లినిక్‌లోనే చేయాలి, ఫారం జి మీద ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి, ఒక కాపీ ఆమెకు ఇవ్వాలి. "కేసవుతుంది" అని భయపడి సీవీఎస్‌కు పంపని డాక్టర్లున్నారు. కేసయ్యేది ఆడా మగా చెబితేనే.

గర్భం వద్దనుకుంటే: 2021లో సవరించిన ఎంటీపీ చట్టం ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 మధ్య ఇద్దరు డాక్టర్లు, నిబంధనల్లో చెప్పిన కారణాలు ఉండాలి. బిడ్డకు తీవ్రమైన లోపం వాటిలో ఒకటి. 24 దాటితే మెడికల్ బోర్డు గణనీయమైన లోపమని తేల్చాలి. బోర్డు మూడు రోజుల్లో అభిప్రాయం ఇవ్వాలి. 18 నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే అవసరం. భర్త సంతకం చట్టం అడగదు, ఆసుపత్రులు అలవాటుగా అడుగుతాయి.

ఉంచుకోవాలనుకున్నా అది ఆమె హక్కే. పరీక్ష చేయించుకున్నారు కాబట్టి తీయించుకోవాల్సిందే అన్నట్టు ఎవరూ మాట్లాడకూడదు.

#9 పాడేరు_ఏఎన్ఎం

మన్యం వైపు సంగతి కూడా ఇందులో చేర్చండి. ఇక్కడ, అటు ఆదిలాబాద్ గోండు, కొలాం గూడేల్లో తలసేమియా కంటే సికిల్‌సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) ఎక్కువ వినిపిస్తుంది. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్‌సెల్ మిషన్ కింద 40 ఏళ్ల లోపు వాళ్లందరికీ పరీక్షలు చేయాలన్నారు. ఫీల్డులో చేసే సాల్యుబిలిటీ పరీక్ష పాజిటివ్ అంటే జబ్బు అని కాదు, సికిల్ హిమోగ్లోబిన్ (ఎస్) ఉంది అని మాత్రమే. జబ్బా, క్యారియరా అన్నది హెచ్‌పీఎల్‌సీ చెప్పాలి. ఆరు నెలల లోపు బిడ్డకు సాల్యుబిలిటీ చేసి నెగటివ్ అని రాయడం తప్పు, అప్పటికి ఎస్ ఇంకా తగినంత తయారుకాదు.

#10 ల్యాబ్_సుబ్బయ్య

పాడేరు మేడమ్ చెప్పినదానికి తోడు. క్యారియర్‌లో ఎస్ 35-40 శాతం ఉంటుంది, మామూలు హిమోగ్లోబిన్-ఏ ఎస్ కంటే ఎక్కువే ఉంటుంది. ఏ కంటే ఎస్ ఎక్కువ కనిపించి, రక్తం ఎక్కించిన చరిత్ర లేకపోతే అది సికిల్-బీటా తలసేమియా కావచ్చు, క్యారియర్ అని రాయకండి. ఎస్ 30 లోపు ఉంటే ఆల్ఫా తలసేమియా కలిసి ఉండొచ్చు. ఇంకోటి, ఏ2 పది శాతం దాటి కనిపిస్తే అది ఏ2 కాదు, హిమోగ్లోబిన్ ఇ యంత్రం గ్రాఫులో అదే చోట వస్తుంది.

ఇక్కడ నేర్చుకోవాల్సింది: ఒకరికి ఎస్, ఇంకొకరికి బీటా ఉన్నా బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకవంతు. "ఇద్దరికీ వేరు వేరు కాబట్టి ఫరవాలేదు" అనేది తప్పుడు లెక్క.

హెచ్‌పీఎల్‌సీ అందని చోట నెస్ట్రాఫ్ట్ (ఒక్క ట్యూబుతో చేసే జల్లెడ పరీక్ష) చేయొచ్చు. 0.36 శాతం బఫర్డ్ సెలైన్ 2 మిల్లీలీటర్లు, అందులో 20 మైక్రోలీటర్ల రక్తం, అరగంట ఆగాలి. ట్యూబు వెనక తెల్లకాగితం మీద సన్నని నల్లగీత పెట్టి చూడండి. గీత స్పష్టంగా కనబడితే నెగటివ్. మసగ్గా ఉన్నా, కనబడకపోయినా పై పరీక్షకు పంపాలి. సెలైన్ పాతబడితే, మూత తీసి ఉంచి గాఢత మారితే ఫలితం తిరగబడుతుంది, కాబట్టి ప్రతి బ్యాచ్‌తో ఒక తెలిసిన నార్మల్ రక్తం పెట్టండి. ఐరన్ లోపం ఉన్నవాళ్లు కూడా పాజిటివ్ వస్తారు. జల్లెడ కాబట్టి అది తప్పు కాదు.

#11 రాజమండ్రి_ఆదిత్య

ఇంత గొడవెందుకు, మేనరికాలు మానేస్తే పోతుంది కదా?

#12 జన్యుసలహా_77

పోదు ఆదిత్య గారూ, తగ్గుతుంది. మేనత్త, మేనమామ పిల్లలు తమ జన్యువుల్లో ఎనిమిదో వంతు పంచుకుంటారు. సొంత మేనమామను చేసుకుంటే నాలుగో వంతు. ఈ జంటలో ఒకే తాత నుంచి ఒకే మార్పు ఇద్దరికీ వచ్చి ఉండే అవకాశం అందుకే ఎక్కువ.

కానీ వరసలేని సంబంధం చేసుకున్నా, తరతరాలుగా ఒకే కులంలో చేసుకుంటున్న చోట దూరపు పూర్వీకుడి మార్పు ఇద్దరిలోనూ ఉండొచ్చు. మన దగ్గరే ఉదాహరణ ఉంది. ఆర్యవైశ్యుల్లో బ్యుటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువ. హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు పాల్గొన్న 2017 అధ్యయనం దీన్ని ఒక చిన్న పూర్వీకుల గుంపు నుంచి పెరిగిన సముదాయంగా వివరించింది. ఆ లోపానికి ఐవీఎఫ్‌లూ సీవీఎస్‌లూ ఏమీ అక్కర్లేదు. సక్సినైల్ కోలిన్ అనే మత్తు తోడుమందు ఇస్తే ఊపిరి కండరాలు గంటల తరబడి లేవవు, కాబట్టి ఆపరేషన్ ముందు మత్తు డాక్టరుకు చెబితే సరిపోతుంది. జన్యు లోపాలన్నిటికీ ఒకే మందు కాదని చెప్పడానికే ఇది రాశాను.

సైప్రస్‌లో 1983 నుంచి చర్చి పెళ్లికి ముందు తలసేమియా పరీక్ష కాగితం అడిగింది. పెళ్లి ఆపలేదు. ఇద్దరూ క్యారియర్లని తెలిసిన జంటలు ఎక్కువమంది పెళ్లి చేసుకున్నారు, గర్భంలో పరీక్ష చేయించుకున్నారు. పరీక్ష అంటే సంబంధాలు చెడతాయని భయపడే ఇళ్లలో ఈ సంగతి చెప్పండి.

#13 ఎంబ్రియో_నైట్‌షిఫ్ట్

ఈ గర్భం సంగతి అలా ఉంచి, ముందే తెలిసిన జంటలకు పీజీటీ-ఎం దారి ఉంది. పిండం గర్భంలో పెట్టకముందే పరీక్ష. అబార్షన్ ప్రశ్న చాలావరకు తప్పుతుంది, కానీ ఇది షార్ట్‌కట్ కాదు.

మొదట సెటప్. దంపతుల డీఎన్ఏ, జబ్బున్న బిడ్డది గానీ ఇద్దరివైపు అమ్మానాన్నలది గానీ కావాలి. మార్పున్న క్రోమోజోమ్ ముక్కను చుట్టుపక్కల మార్కర్లతో గుర్తుపట్టడం నేర్చుకోవాలి. నెల నుంచి రెండు నెలలు. సెటప్ కాకుండా అండాలు తీయడం మొదలుపెట్టే చోటుకు వెళ్లకండి.

తర్వాత ఐవీఎఫ్. ఫలదీకరణ ఇక్సీ పద్ధతిలోనే, ఒక్కో అండానికి ఒక్క శుక్రకణం. లేదంటే అండం పొర మీద అంటుకున్న మిగతా కణాల డీఎన్ఏ పరీక్షలో కలుస్తుంది. ఐదు, ఆరో రోజు పిండం (బ్లాస్టోసిస్ట్) బయటి పొర నుంచి 5 నుంచి 10 కణాలు తీస్తారు. అది మాయగా మారే పొర. పిండాలను మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో పెట్టి, రిపోర్టు వచ్చాక వచ్చే నెలల్లో ఒకటి కరిగించి పెడతారు.

లెక్క నిజాయితీగా చెప్పుకుందాం. 12 అండాలు తీస్తే పక్వమైనవి 9-10, ఫలదీకరణ అయినవి 7, ఐదో రోజుకు మిగిలేవి 3-4. వాటిలో సగటున నాలుగింట మూడు వంతులు జబ్బు లేనివి, క్యారియర్లతో కలిపి. క్యారియర్ పిండాన్ని పారేయకండి, అది వాళ్ల అమ్మానాన్నల్లాగే ఆరోగ్యంగా ఉంటుంది. ఒక్కోసారి పెట్టడానికి ఒక్కటి కూడా మిగలదు. ఆ మాట మొదటి రోజే చెప్పాలి.

జబ్బున్న అన్నకో అక్కకో మూలకణాలు సరిపోయే బిడ్డ కావాలంటే హెచ్‌ఎల్‌ఏ (కణజాల గుర్తులు) కూడా కలవాలి. అప్పుడు 4లో 3 కాదు, 16లో 3. పదహారు మంచి పిండాలకు మూడు. చాలామందికి రెండు మూడు సైకిళ్లు పడతాయి.

#14 గుంటూరు_డాక్_లత

పీజీటీ చేశాక కూడా గర్భంలో సీవీఎస్ చేయించుకోమంటారు కదా, మళ్లీ ఎందుకు? డబుల్ ఖర్చు.

#15 ఎంబ్రియో_నైట్‌షిఫ్ట్

లత గారూ, చేయించుకోమని చెప్పాలి, చేయించుకోవడం వాళ్లిష్టం. ఐదారు కణాల నుంచి డీఎన్ఏను లక్షల రెట్లు పెంచుతున్నప్పుడు రెండు కాపీల్లో ఒకటి పెరగకుండా పోవచ్చు. దీన్ని అలీల్ డ్రాపవుట్ అంటాం. మార్పున్న కాపీ పోతే జబ్బు పిండం కూడా శుభ్రంగా కనిపిస్తుంది. చుట్టుపక్కల మార్కర్లు చూస్తే ఈ పొరపాటు బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. పైగా దంపతులకు ఐవీఎఫ్ మధ్యలో సహజంగా గర్భం వచ్చిన సందర్భాలూ ఉంటాయి. అప్పుడు ఆ బిడ్డ అసలు పరీక్షించిన పిండమే కాదు.

ఇంకో గొడవ, ప్రతిదానికీ పీజీటీ-ఏ (పిండంలో క్రోమోజోమ్‌ల సంఖ్య చూసే పరీక్ష) కలిపి బిల్లు వేయడం. వయసు తక్కువైన జంటకు ఉన్న మూడు పిండాల్లో ఒకదాన్ని సందేహం పేరుతో పక్కన పెట్టేముందు రెండుసార్లు ఆలోచించాలని నా అభిప్రాయం.

#16 గుంటూరు_డాక్_లత

పీజీటీ-ఏ మీద నాకు భేదాభిప్రాయం ఉంది. 38 దాటిన ఆమెకు అది లేకుండా పిండం పెట్టి గర్భస్రావం అయితే ఆరు నెలలు పోయినట్టే. మిగతాది ఒప్పుకుంటాను.

#17 వకీల్_రమాదేవి

పీజీటీ జన్యు జబ్బుల కోసం మాత్రమేనని ఏఆర్‌టీ చట్టం (2021) చెబుతుంది. లింగం ఎంచుకోవడం అక్కడా నేరమే. దాత అండం, దాత వీర్యం వాడితే: అండదాత వయసు 23-35, వీర్యదాత 21-55, అండదాత జీవితంలో ఒక్కసారే, ఏడు అండాలకు మించి తీయకూడదు. ఒక దాతవి ఒక్క జంటకే.

#18 జన్యుసలహా_77

దాత దగ్గర ఒక మెలిక. హెచ్‌ఐవీ, హెపటైటిస్ చూశాం అంటారు, హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు చూపమని అడగండి. క్యారియర్ దాతను తెచ్చుకుంటే డబ్బంతా పెట్టి మళ్లీ మొదటికే వచ్చినట్టు. దత్తత, ఉన్న ఒక్క బిడ్డతో సరిపెట్టుకోవడం, తెలిసే అవకాశం తీసుకుని చికిత్సకు సిద్ధపడటం కూడా దారులే. జాబితాలో వాటిని చివర గొణగకుండా మిగతావాటితో సమానంగా చెప్పండి.

#19 కొత్తపేట_వాణి

తలసేమియా కాకుండా ఎస్‌ఎంఏ, డుషేన్ లాంటి కండరాలు క్షీణించే జన్యు జబ్బులు ఇంట్లో ఉంటే?

#20 జన్యుసలహా_77

దారి అదే, మొదటి అడుగు మారుతుంది. ముందు జబ్బున్న బిడ్డలో మార్పు పట్టుకోవాలి. ఎస్‌ఎంఏలో దాదాపు 95 శాతానికి ఎస్‌ఎంఎన్1 జన్యువులో ఏడో ఎక్సాన్ (జన్యువులో ఒక భాగం) రెండు కాపీలూ ఊడిపోయి ఉంటాయి, ఎంఎల్‌పీఏ చాలు. డుషేన్‌లో కూడా మొదట ఎంఎల్‌పీఏ, దొరక్కపోతే సీక్వెన్సింగ్. డుషేన్‌లో తల్లి క్యారియర్ కాదని తేలినా తర్వాతి గర్భానికి పరీక్ష అడగండి. మార్పు ఆమె రక్తంలో లేకుండా కొన్ని అండాల్లోనే ఉండొచ్చు.

బిడ్డ పరిస్థితి విషమంగా ఉంటే 2 మిల్లీలీటర్ల ఈడీటీఏ రక్తం తీసి డీఎన్ఏ దాచిపెట్టించండి. ఆ మాట ఆ సమయంలో అడగడం కష్టమే. కానీ బిడ్డ పోయాక శాంపిల్ లేకపోతే తర్వాతి గర్భానికి దేన్ని వెతకాలో ఎవరికీ తెలియదు.

#21 గోదారి_సిస్టర్

అందరికీ నమస్కారాలు. రేపు పొద్దున ఇద్దరినీ రమ్మన్నాం. రెండు ప్రశ్నలు. కొరియర్‌కు ఐస్‌లో పెట్టాలా? ఆమెకు ఐరన్ ఆపాలా?

#22 ల్యాబ్_సుబ్బయ్య

డీఎన్ఏకి గడ్డకట్టిన ఐస్ వద్దు, కణాలు పగిలిపోతాయి. రక్తం తీయగానే ట్యూబు ఎనిమిది పదిసార్లు మెల్లగా తిరగేయండి. చల్లని జెల్ ప్యాక్‌కు, ట్యూబుకు మధ్య దూది పెట్టండి. రెండు రోజుల్లో చేరితే ఏ ఇబ్బందీ లేదు. ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబు మాత్రం వాడకండి, పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. ట్యూబు మీద పేరు, వయసు, తేదీ అక్కడే రాయండి. టేబుల్ దగ్గరికి వెళ్లి రాద్దామనుకుంటే భార్యదీ భర్తదీ తారుమారవుతాయి.

#23 ఫీటల్_బెంచ్

ఐరన్: ఫెరిటిన్ చూసి, తక్కువుంటే మాత్రలు కొనసాగించండి. క్యారియర్ అన్న కారణంతో ఆపనక్కర్లేదు. ఫెరిటిన్ చూడకుండా సెలైన్‌లో ఐరన్ ఎక్కించొద్దు. ఫోలిక్ యాసిడ్ ఆపొద్దు. రేపు రక్తం తీసేటప్పుడే ఆమె బ్లడ్ గ్రూపు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి కూడా పంపేయండి, 12వ వారంలో మళ్లీ వెతుక్కోకుండా.